కంప్యూటర్లో బల్లి

కిందటివారం జగన్నాధాన్ని మనం కోపంలోనే వదిలీసినాం. ఆ కోపం ఇంకా దిగనేదు. అటక మీంచి పాత కంప్యూటరు దింపించి, దుమ్ముతోటే ఆటోలో ఏసుకొచ్చి, విజయనగరం గంటస్తంభం ఎనకాల బామ్మరిది నరసింగరావు టీవీ రిపేరు కొట్లో బల్ల మీద దబీమని పెట్టీసినాడు.

"ఒరే బామ్మరిదీ, ఆదివారం పదకొండు గంటలకి నానొస్తాను. ఆ డేవిడ్‌రాజునీ రమ్మను. ఇద్దరి ముందరా ఇప్పు. దీన్ని తగలెట్టింది ఆడు కాదని తేలితే, నా మనవరాలు యమునని ఆడి మనవడు శాంతికుమారుకిచ్చి నానే దగ్గరుండి పెళ్లి సేయిస్తాను. ఆడేనని తేలితే మాత్రం శాంతికుమారు పేరు మా ఇంట్లో ఇంకెవులూ ఎత్తకూడదు. యమున కూడాను" అనీసి ఎల్లిపోనాడు.

యమున సరేనంది. అనక సేసేదేటుంది? శాంతికుమారుని తప్ప ఇంకొకడిని సేసుకోనని తాతకి సెప్పీసినాది. తాత ఒప్పుకోకుండా పెళ్లాడనని శాంతికుమారుకీ సెప్పీసినాది. రెండు పక్కలా మాటిచ్చీసి, ఆ గుంట రెండు లారీల మజ్జిన సైకిల్లాగ నిలబడిపోనాది.

ఇంతకీ ఆ కంప్యూటరు ఇప్పటి బాపతు కాదు. మీటల పలకే కంప్యూటరు. ఎనకాల వైరు టీవీకి తగిలిస్తే అందులో అక్షరాలు అగుపడతాయి. పక్కన టేప్‌రికార్డర్లో కేసెట్టు పెడితే కీచుకీచుమని అరిసి ప్రోగ్రాం ఎక్కుతాది. ముప్పై ఏళ్ల పైమాట కిందట జగన్నాధం డబ్బెట్టి, డేవిడ్‌రాజు పాఠం సెప్పి, ఇద్దరూ కలిసి కంటోన్మెంటులో జగన్నాధం ఇంటి ముందుగదిలోనే ఈ ఒక్క మెషీన్తోటే కంప్యూటరు క్లాసులు పెట్టినారు. ఒక కంచంలో తిన్నారు. దసరా ముందురోజు సాయంత్రం డేవిడ్‌రాజు దాన్ని ఇప్పి లోపల ఏదో సోల్డరింగు సేసినాడు. దసరా పొద్దున్న మెషీను సచ్చిపోనాది. అంతే. జగన్నాధం ఆయన సొక్కా పట్టుకుని ఈదిలోకి లాగీసి "నా మెషీను తగలెట్టీసినావురా" అని ఊరందరి ముందూ అరిసీసినాడు. డేవిడ్‌రాజు శ్రీకాకుళం ఎల్లిపోయి పోస్టాఫీసులో గుమస్తా అయిపోనాడు. జగన్నాధం పంతానికి ఆ మెషీన్ని ఎవుల చేతా ఇప్పించకుండా అటకెక్కించీసినాడు. అదీ సంగతి.

ఇప్పుడు ఆదివారం వచ్చినాది.

నరసింగరావుకి ఒక జబ్బుంది. మూత కనిపిస్తే ఇప్పాల. పక్కింటోళ్ల కేరేజీ అయినా సరే. "ఇద్దరి ముందరా ఇప్పు" అని బావ సెప్పినాడా? సెప్పినాడు. నరసింగరావు ఇన్నాడా? ఇన్నాడు. పొద్దున్న తొమ్మిదికే కొట్టు షట్టరు సగం ఎత్తి, లోపలికి దూరి, లైటేసి, స్క్రూలన్నీ తీసీసినాడు.

మూత లేవగానే కుళ్లిన కొబ్బరి వాసన గుప్పుమన్నాది.

"ఇదేటి వాసన? కంప్యూటర్లో పచ్చడి రుబ్బినారేటి?" అని తనలో తనే నవ్వుకున్నాడు. మీటల పలక తప్పించి, లోపలి ఆకుపచ్చ బోర్డుని లైటు కింద పెట్టినాడు. నవ్వు ఆగిపోనాది. బోర్డు మీద ఒక పక్కంతా బెల్లం పాకం ఎండిపోయినట్టు గోధుమరంగు అట్ట కట్టీసుంది. దాని కింద రాగి గీతలు చిలుము పట్టి పచ్చగా ఉబ్బిపోనాయి. ఒక సిప్పు కాళ్లు రెండు తినీసినట్టు అరిగిపోనాయి. మూలమూలల్లో పసుపుపచ్చ పొడి.

రెండో పక్కన, ఆ మరకలకి దూరంగా, సన్నటి ఎర్రతీగ ఒకటి ఉన్నాది. రెండు కొసలా సోల్డరింగు సుక్కలు మెరుస్తన్నాయి. అది డేవిడ్‌రాజు పనేనని ఎవులూ సెప్పక్కర్నేదు.

అప్పుడే షట్టరు కింద నుంచి ఒక తల దూరినాది. నరసింగరావు ఎగిరి పడ్డాడు.

"ఒరే నర్సింగా! అప్పుడే ఇప్పీసినావా?"

ఆయన అక్క తాయారు. జగన్నాధం పెళ్లాం. డెబ్బై ఏళ్ల మనిషి షట్టరు కింద నుంచి ఒంగొని రావడం ఏటి, సెప్పండి.

"ఓలప్పా! నువ్వేటిలాగ? బావకి తెలుసా?"

"అమ్మోరి గుడికని సెప్పొచ్చినాను. ఏదీ, నన్ను సూడనీ."

తాయారు బోర్డు కేసి సూసినాది. సూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, పక్కనున్న పాత టీవీ డబ్బా మీద కూలబడిపోనాది.

"లోపలికెల్లిపోనాయా... లోపలికెల్లిపోనాయా..."

"ఏటెల్లిపోనాయి?"

"పసుపునీళ్లురా. కొబ్బరినీళ్లురా."

"సరిగ్గా సెప్పప్పా."

"ఆవేళ దసరా కదా. ఆయుధపూజ. మీ బావ పొద్దున్నే దాని స్విచ్చి ఏసి పెట్టి తానానికెల్లినాడు. ఆలీసమైపోతందని నానే పూజకి కూకున్నాను. కత్తిపీటకి పెట్టినాను, కుట్టుమిసనుకి పెట్టినాను, దీనికీ పెట్టినాను. ప్రతి మీటకీ పసుపూ కుంకం. తమలపాకుతోటి పసుపునీళ్లు సల్లినాను. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీదే పోసినాను."

"ఎలుగుతుండగానే?"

"ఎర్రదీపం ఎలుగుతుంది కదరా మూల! దీపం ఎలుగుతుంటే ఆర్పుతామేటి, పూజలో? అశుభం కాదేటి?"

నరసింగరావు ఆగలేకపోనాడు. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చీసినాది. "కరెంటు దీపానికి... ఓలప్పా... అఖండ దీపం అనుకున్నావా!" అని బల్ల మీద కొట్టుకుంటా నవ్వినాడు. నవ్వీ నవ్వీ తల ఎత్తితే తాయారు ఏడస్తన్నాది. నోరు తెరిసి కాదు. కళ్లలోంచి నీళ్లు అలగ కారిపోతన్నాయి, తుడుసుకోడం కూడా మర్సిపోనాది.

"టప్పుమన్నాది. దీపం ఆరిపోనాది. అపశకునమని బయమేసి పైన బొట్లన్నీ గుడ్డెట్టి తుడిసీసినాను. మీ బావ తానం సేసొచ్చి సూసినాడు. 'నిన్న డేవిడ్‌రాజు ఇప్పినాడు, ఆడే' అనీసినాడు. నాను సెప్దావని ఈదిలోకొచ్చేటప్పటికి ఆ మనిషి సొక్కా చిరిగిపోయుంది. ఈదంతా సూస్తంది. ఆయన ఏటనలేదురా నర్సింగా. తల దించుకుని ఎల్లిపోనాడు. సాయంత్రం సెప్దావనుకున్నాను. రేపనుకున్నాను. కోపం సల్లారినాక అనుకున్నాను..."

"అది ఇంకా సల్లారనేదు" అన్నాడు నరసింగరావు.

బైట ఆటోలు అరుసుకుంటన్నాయి.

"కడిగీరా" అంది తాయారు. "ఆళ్లొచ్చేలోగా కడిగీ. నా తమ్ముడివి కాదేటి?"

"కడిగితే ఏటవుద్దో తెలుసా? నీ పసుపు పోతాది. డేవిడ్‌రాజు తీగ ఉండిపోతాది. బావ ఒచ్చి ఆ తీగే సూస్తాడు. మన యమున పెళ్లి ఆ తీగకే ఉరేసుకుంటాది."

"అయితే ఆ తీగా పీకీ."

"ఆయన సోల్డరింగు సేసినాడని బావకి ముందే తెలుసు. అదేదీ అంటే ఏటి సెప్పను?"

తాయారు కళ్లు మూసుకుంది. "అయితే సెప్పీ. నానే సేసినానని సెప్పీ. ఈ వయసులో మీ బావ నన్ను గుమ్మంలోంచి తోసీసినా సరే. గుంట పెళ్లవుతాది."

ఆ మాట నరసింగరావు ఇనలేకపోనాడు. మరి ఈయన ఎవులు? అక్క పెళ్లిలో బావ కూకునే పీట మీద పరుపు కింద అప్పడాలు పెట్టి, మూర్తం వేళకి బావ కూకోగానే పటపటమనిపించినోడు. అలాటోడికి కష్టం వస్తే ముందు ఒచ్చేది ఏడుపు కాదు, వేషం.

"అప్పా!" అని లేసినాడు. "నీ తప్పు కాదు, ఆయన తప్పు కాదు. బల్లి తప్పు."

"ఏ బల్లి?"

నరసింగరావు అల్మారా ఎనకాల చెయ్యెట్టి ఒక డబ్బా తీసినాడు. అందులో ఎండిపోయిన బల్లి. మొన్న ఒకోళ్ల టీవీలో దొరికినాది. ఈ ఊర్లో సగం టీవీలు బల్లులు పడే సస్తాయి. దాన్నెందుకు దాసినాడంటారా? ఎవుల టిఫిన్లో ఎయ్యడానికో, నాను సెప్పను.

"బోర్డు కడిగీసి, చిలుము పట్టిన కాడ దీన్ని అడ్డంగా పడుకోబెడతాను. బల్లి దూరినాది, షార్టయినాది, మెషీను పోనాది. బావ ఒప్పుకున్నాడు, యమున పెళ్లి అయినాది, నువ్వు గుళ్లో ఉన్నావు. కొబ్బరికాయ సంగతి మనిద్దరికీ అమ్మోరికీ తెలుసు."

"పాపం కాదేటిరా?"

"బల్లికి పుణ్యమే."

ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, సబ్బుపొడి దండిగా కలిపి, పాత పళ్ల బ్రష్షు తీసుకుని మొదలెట్టినాడు. బోర్డు కడగడం కొత్తేటి కాదు. కరెంటు నేకుండా కడిగి, బాగా ఎండబెడితే ఏటీ కాదు. అలగే వందల రేడియోలు కడిగినాడు. బ్రష్షు ముంచి మూల పసుపుపచ్చ పొడి మీద ఒక రుద్దు రుద్దినాడు.

బ్రష్షు ఎర్రగా అయిపోనాది.

ఏలు తెగినాదేటోనని ఏలు సూసుకున్నాడు. తెగనేదు. మళ్లీ రుద్దినాడు. నురగంతా ఎర్రగా పొంగినాది. ఆ ఎరుపు సిప్పుల మజ్జినుంచి కాలవల్లాగ పారి, రాగి గీతలెంబడి పాకి, బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకి ఎల్లిపోనాది. ఎంత రుద్దితే అంత ఎరుపు.

"ఓలమ్మా!" తాయారు గుండె బాదుకుంది. "సబ్బెందుకేసినావురా ఎర్రిబాగులోడా! పసుపుకి సబ్బు తగిల్తే ఎరుపెక్కదేటి? పుట్టి బుద్దెరిగి ఒక్క పసుపు సీర ఉతికినావా?"

"నా పెళ్లాం ఈశ్వరి ఉతుకుతాది కదా! నాకేటి తెలుసు!"

"నిమ్మకాయ పిండు, ఎరుపు విరిగిపోతాది! బేగి!"

కొట్లో నిమ్మకాయ ఎక్కడుంటాది? గుమ్మానికి దిష్టికి కట్టిన నిమ్మకాయ ఉన్నాది. నరసింగరావు స్టూలెక్కి దాన్ని లాగినాడు. ఎన్నాళ్లదో, గోళీకాయలాగ గట్టిపడిపోనాది. పళ్లతో కొరికినాడు. మిరపకాయ కారం నాలిక్కి అంటుకుంది కానీ నిమ్మరసం ఒక్క సుక్క రానేదు.

అప్పుడే బైట స్కూటీ ఆగినాది.

"సిన్నతాతా!" యమున గొంతు. "మా తాత ఇంట్లో నిలవనేదు, ముందే తెచ్చీసినాను!"

తాయారు సప్పుడు సెయ్యకుండా కొట్టు ఎనకాల పాత టీవీల గుట్ట సాటుకి ఎల్లిపోనాది. నరసింగరావు టబ్బు బల్ల కిందకి తోసీసి, బోర్డు మీద ఒక పేపరు కప్పి, ఎర్రటి చేతులు రెండూ ఎనక్కి పెట్టుకున్నాడు. పేపరు కింద బల్లిని దూర్చినాడా? దూర్చినాడు. అంత తొందరలోనూ అది మర్సిపోనేదు.

షట్టరు పైకెత్తుకుని జగన్నాధం వచ్చినాడు. తెల్ల పంచె, తెల్ల సొక్కా, బుగ్గమీసం. ఎనకాల యమున. ఆళ్ల ఎనకాల, గుమ్మం బైటే ఆగిపోయి, చేత్తో గుడ్డ సంచీ పట్టుకుని, బక్కగా, పొడుగ్గా ఒక పెద్దాయన. డేవిడ్‌రాజు. శ్రీకాకుళం మొదటి బస్సుకే ఒచ్చీసి ఎదురుగా టీ కొట్టు కాడ కూకున్నాడట. జగన్నాధం ఎప్పుడొస్తే అప్పుడు లోపలికొద్దావని.

"లోపలికి రమ్మను ఆయన్ని" అన్నాడు జగన్నాధం, డేవిడ్‌రాజు మొకం సూడకుండా, నరసింగరావుతోటి.

"ఇక్కడ బాగుందని సెప్పండి ఆయనకి" అన్నాడు డేవిడ్‌రాజు, అలగే నరసింగరావుతోటి.

ఇద్దరికీ మజ్జిన మూడడుగులు నేదు. మజ్జిన నరసింగరావు టెలిఫోను తీగలాగ నిలబడ్డాడు.

"ముందరే ఎందుకిప్పినావు?" జగన్నాధం పేపరు కేసి సూసినాడు.

"స్క్రూలు తుప్పట్టీసుంటాయి బావా. పెద్దోళ్లని నిలబెట్టీసి తుప్పు గీకుతామేటి?" నరసింగరావు గొంతు సర్దుకున్నాడు. "శుభవార్త బావా. దొంగ దొరికినాడు. మనిషి కాదు."

పేపరు ఒక కొస ఎత్తి సూపించినాడు. బల్లి పడుకొనున్నాది.

యమున "ఛీ" అని ఎనక్కి గెంతినాది. మళ్లీ ఎంటనే దాని మొకం ఎలిగిపోనాది. "బల్లి పడిందా? అంటే... అంటే ఆ తాతగారి తప్పు కాదా?"

"కాదు కదా మరి!" అన్నాడు నరసింగరావు. "బల్లి దూరినాది. రెండు గీతల మజ్జిన పడినాది. ఫట్."

జగన్నాధం కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒంగినాడు. బల్లిని సూసినాడు. పక్కన తీసి పెట్టిన మూత ఎత్తి బోర్డు మీద అడ్డం పెట్టి సూసినాడు. మూతకీ బోర్డుకీ మజ్జిన ఏలెడు సందు కూడా నేదు.

"ఒరే, ఇది బల్లా, ఉడుమా?"

"పెద్ద జాతి బావా."

"ఈ పొట్ట ఆ సందులో ఎలగ దూరినాది? మూత బిగిస్తే అప్పడమైపోవాల కదా?"

అప్పడం పేరెత్తగానే నరసింగరావు ఒకడుగు ఎనక్కేసినాడు. అదే టయానికి బల్ల అంచు నుంచి ఒక సుక్క జారి, జగన్నాధం తెల్ల పంచె మీద పడ్డాది. ఎర్రటి సుక్క. తరవాత ఇంకోటి.

"రక్తమేటిరా?"

"బల్లిదే బావా."

"ముప్పై ఏళ్ల కిందట సచ్చిన బల్లికి ఇప్పుడు రక్తం కారతందేటిరా! చేతులు సూపించు. ముందుకి పెట్టు!"

నరసింగరావు చేతులు ముందుకి పెట్టినాడు. మోచేతుల దాకా ఎరుపు.

యమున నవ్వబోయి ఆగిపోనాది. తాత మొకం అలగుంది.

"నర్సింగరావు గారూ" అన్నాడు డేవిడ్‌రాజు గుమ్మంలోంచి. గొంతు సన్నగా ఉన్నాది గానీ అందరికీ ఇనిపించినాది. "ఆ బల్లిని తీసీండి. మీరు మంచోళ్లు. నాకోసం అబద్ధమాడొద్దు."

లోపలికి వచ్చినాడు. సంచీ కింద పెట్టి, పేపరు మొత్తం తీసీసినాడు. ఎర్రటి నీళ్లు, చిలుము, అవేవీ ఆయన కళ్లకి ఆననేదు. ఆయన సూపు ఆ సన్నటి తీగ మీదే ఉండిపోనాది. ఒక ఏలు జాపినాడు, ముట్టుకోకుండా ఆపీసినాడు.

"ఈ తీగ నాదే. తెర మీద అక్షరాలు వణికేవి. పిల్లలకి కళ్లు నొప్పులు పెడతన్నాయని, ఆయన్ని అడక్కుండా ఇప్పి ఈ తీగేసినాను. రాత్రంతా నిద్రపట్టనేదు, ఎక్కడైనా తప్పు కాడ పెట్టీసినానేటోనని. పొద్దున్నే మెషీను పోయిందన్నారు. తప్పు నాదేనని సెప్పండి ఆయనకి. ఆవేళ సెప్పవలసింది. ఒప్పుకునే దైర్నం నేకపోయినాది. మా పిల్లల కోసం ఇప్పుడొప్పుకుంటన్నాను. పెద్దమనసు సేసుకుని క్షమించమని సెప్పండి."

జగన్నాధం మెల్లిగా కళ్లజోడు తీసినాడు. మొకంలో గెలిసిన సంబరం ఉండాల కదా? నేదు. ఇన్నేళ్లూ మోసిన బస్తా దించడానికి సోటు దొరికినోడిలాగ ఉన్నాడు.

"ఒప్పుకున్నాడు" అన్నాడు. "ఇన్నావా యమునా? నానేదో ముసలోడి పంతమనుకున్నావు. ఆయన నోటితోటే ఒప్పుకున్నాడు. పద ఇంటికి."

"తాతా, క్షమించమంటన్నారు కదా..."

"క్షమించీసినాను. పెళ్లి మాత్రం నేదు. మాటంటే మాటే."

యమున కదల్నేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, తాత మొకం సూడలేక, బోర్డు కేసి తల దించీసుకుంది. అలగ సూస్తా సూస్తా ఒక ఏలెట్టి ఆ ఎరుపుని రాసినాది. ఏలు ముక్కు కాడ పెట్టుకుంది.

"సిన్నతాతా, దీన్ని సబ్బుతో కడిగినావా?"

నరసింగరావు చేతులు మళ్లీ ఎనక్కి పెట్టీసుకున్నాడు.

"ఇది పసుపు కదా. నా తెల్ల డ్రస్సు మీద పసుపు మరకైతే నానమ్మ సబ్బెట్టి రుద్దినప్పుడు ఇలగే ఎర్రగా అయిపోనాది." తల ఎత్తినాది. "కంప్యూటరు లోపల పసుపెందుకుంది?"

జగన్నాధం డేవిడ్‌రాజు కేసి తిరిగినాడు. అలవాటు మరి.

"మా ఇళ్లల్లో మెషీన్లకి పసుపు పెట్టరండి" అన్నాడు డేవిడ్‌రాజు. అందులో ఎటకారం నేదు, కోపం నేదు. ఉన్నమాట సెప్పినాడు. సెప్పినాక ఆ మాట తనకే అప్పుడర్థమైనట్టు, బోర్డు కేసి మొదటిసారి సరిగ్గా సూసినాడు. పాకంలాంటి మరక. చిలుము. తినీసిన కాళ్లు. తన తీగకి జానెడు దూరంలో.

టీవీల గుట్ట ఎనకాల గాజులు కదిలినాయి.

"నానే" అంది తాయారు.

ఇవతలకొచ్చి, మొగుడి ముందు నిలబడి, తమ్ముడికి సెప్పిందంతా మళ్లీ సెప్పినాది. ఎర్రదీపం, పసుపునీళ్లు, కొబ్బరికాయ, తుడిసీసిన బొట్లు. ఒక్క ముక్క దాయనేదు. సెప్పడం అయినాక కొంగు బుజమ్మీద సర్దుకుని, దెబ్బ పడినా సరేనన్నట్టు నిలబడ్డాది.

నరసింగరావు గబుక్కున అడ్డం రాబోనాడు. అక్కర్నేకపోయినాది. జగన్నాధం అరవనేదు. అరిసే మనిషి అరవకపోతే ఎంత బయమో, అక్కడున్నోళ్లనడగండి.

"ఆ స్విచ్చి ఏసి పెట్టి తానానికెల్లింది నానే" అన్నాడు సివరికి. అంతే అన్నాడు. తరవాత రెండడుగులేసి డేవిడ్‌రాజు ముందుకొచ్చినాడు.

"రాజూ."

ఆ పిలుపుకి డేవిడ్‌రాజు తల ఎత్తినాడు.

"మాటంటే మాటే రాజూ. ముహూర్తం నువ్వే సెప్పు. మీ గుళ్లో అంటే మీ గుళ్లో. నానే దగ్గరుంటాను."

యమున "తాతా!" అని జగన్నాధం చెయ్యి పట్టీసుకుంది. నరసింగరావు ఊపిరి ఒదిలి, బల్లిని తోక పట్టుకుని ఎత్తి, "నువ్వు బతికిపోనావే తల్లీ" అన్నాడు. తాయారు ఏడుపులోంచి నవ్వినాది.

నవ్వనిది డేవిడ్‌రాజు ఒక్కడే.

"నర్సింగరావు గారూ, మీటరుందా?"

"ఉంది మేస్టారూ."

"నా తీగకి పెట్టండి ఒకసారి."

నరసింగరావు తీగని తుడిసి, మీటరు సూదులు రెండూ రెండు కొసలా ఆనించినాడు. తీగ బాగుంటే మీటరు కుయ్యిమనాల. కుయ్యిమంది. ఆపకుండా, గట్టిగా, కొత్త సోల్డరింగు కుయ్యన్నట్టే.

"బాగున్నాదా?"

"బెమ్మాండంగా ఉన్నాది మేస్టారూ. నా సోల్డరింగు రెండేళ్లుండదు."

డేవిడ్‌రాజు ఆ కూత ఇంటా తన కుడిచెయ్యి తిప్పి సూసుకున్నాడు. ఎవులిదో చెయ్యిని సూసినట్టు.

"ఆవేళ తరవాత నాను మళ్లీ సోల్డరింగు కడ్డీ పట్టనేదు" అన్నాడు. "నాది తగలెట్టే చెయ్యనుకున్నాను. హైద్రాబాదులో రేడియోల ఫేక్టరీ వోళ్లు రమ్మంటే ఎల్లనేదు. మా ఇంట్లో ఫేను పాడయితే నా పెళ్లాం నన్ను ముట్టుకోనిచ్చీది కాదు. మా గుంటలు 'నాన్న సెయ్యెడితే తగలడిపోతాది' అని నవ్వీవోరు. నానూ నవ్వీవోణ్ని. స్టాంపులు కొట్టుకుంటా బతికీసినాను."

"రాజూ, తెల్దురా నాకు..."

"నీకు తెల్దు." ఆ మాట జగన్నాధంతోటే అన్నాడు, ఎవుల మజ్జివర్తనం నేకుండా, కళ్లలోకి సూసి. "ఆవిడకి తెలుసు. పొద్దున్నే లేసి, ముగ్గేసుకుని, కాపీ తాగి, రోజూ తెలుసు. నాను ఈదిలో తల దించుకుని ఎల్లిపోతుంటే గుమ్మంలో నిలబడి సూసినాది. తప్పు సేసినోణ్నని నాను క్షమాపణ అడగడానికొచ్చినాను. క్షమించడానికి రానేదు. దానికి తయారయి రానేదు."

సంచీ తీసుకున్నాడు.

"మా శాంతికుమారుకి నాను సెప్తాను. ఈ సంబంధం మాకొద్దు."

తాయారు గోడకానుకుపోనాది. నరసింగరావు చేతిలో బల్లి అలగే ఏలాడిపోనాది. పుట్టిన కాడ్నుంచి ఎవుల్నీ బతిమాలెరగని జగన్నాధం పరిగెట్టినట్టే ఎల్లి, షట్టరు కింద గుమ్మానికడ్డంగా నిలబడ్డాడు. పంచె మీద ఎర్రటి సుక్కలు పువ్వులంత అయిపోనాయి.

"తప్పుకో జగన్నాధం."

"తప్పుకోను. నన్ను తిట్టు. నా సొక్కా చింపు. ఇదిగో, ఈదిలోనే చింపు. పిల్లల పెళ్లి మాత్రం ఆపీకు..."

"తప్పుకో."

"తాతా." యమున మజ్జిలోకొచ్చినాది. ఏడుపు ఆపీసుకున్న మొకం గట్టిపడిపోయున్నాది. తాత బుజం పట్టుకుని, మెల్లిగానే గానీ ఆగకుండా పక్కకి లాగీసినాది. "ఇన్నాళ్లూ ఆయన మాట ఎవులైనా ఇన్నారా? ఇప్పుడన్నాడు కదా. దారియ్యి."

జగన్నాధం తప్పుకున్నాడు.

డేవిడ్‌రాజు ఎండలోకి దిగినాడు. నాలుగడుగులేసినాడో లేదో ఎనకాల స్కూటీ చప్పుడయ్యింది. యమున ఆయన పక్కనే ఆపి, ఒక కాలు నేలకాన్చి, ఎనక సీటు మీద దుమ్ము చున్నీతో దులిపినాది.

"ఎక్కండి తాతగారూ. బస్టాండుకి కాదు. శ్రీకాకుళం దాకా నానే తీసుకెల్తాను. ఆ మాట శాంతికుమారుకి మీరు సెప్తన్నప్పుడు నానూ అక్కడుండాల. నాను నేకుండా సెప్పడం మాత్రం ఒద్దు."

డేవిడ్‌రాజు ఆ సీటు కేసి సూసినాడు. కొట్టు గుమ్మంలో నిలబడిన ముగ్గురి కేసి సూసినాడు. సంచీ కుడిచేతిలోంచి ఎడంచేతిలోకి మార్సుకుని, ఆ కుడిచెయ్యి పైకెత్తినాడు. అది స్కూటీ పట్టుకోడానికో, ఎదురుగా ఒస్తన్న ఆటోని ఆపడానికో, ఆయనకే ఇంకా తెల్దు.